మావయ్య వాచీకి నేను పెట్టించిన మెరుగు

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఇంటి దేవుడి మీద ఒట్టు. ఆయన మీద నేను వేసే ఒట్లకి విలువ లేదని మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, కొండమీది జాకరమ్మ మీద కూడా ఒట్టు వేస్తున్నాను. ఆ తల్లి అబద్ధికుణ్ణి ఒక కోడిపెట్టతో వదిలిపెట్టే రకం కాదు. ఇదివరకు నేను చెప్పినవాటిలో, అంటే అనంతగిరి మలుపులో బ్రేకులు తెగిన బస్సుకి అడ్డంగా పనసపళ్ళు దొర్లించి ఆపానన్నదీ, బొర్రా గుహల్లో తప్పిపోయి మూడు రోజులు గబ్బిలాలతో సహపంక్తి భోజనం చేశానన్నదీ, అలాంటివాటిలో కొంత అటూ ఇటూ ఉంటే ఉండవచ్చు. ఇది ఆ కోవలోది కాదు. ఇందులో నేను గొప్పవాణ్ణిగా ఎక్కడా కనబడను. నన్ను ఎరిగినవాళ్ళకి ఆ ఒక్క రుజువు చాలు.

పోయిన నెల విశాఖపట్నంలో ఖరీదైన వాచీలు బాగుచేసే ఒక అద్దాల కొట్టుకి వెళ్ళాను. తలుపు తోయగానే చెమట ఆరిపోయి, మనం ఇంకాస్త మంచి చొక్కా వేసుకుని రావలసిందని అనిపించే చోటు. తెల్ల చేతొడుగులు తొడుక్కున్న ఒక అమ్మాయి నా వాచీని పురిటిబిడ్డని అందుకున్నట్టు అందుకుని, కంటికి భూతద్దం బిగించి చాలాసేపు చూసింది. "లోపల అంతా బాగుంది సార్. నూనె వేస్తే చాలు. కేసు మీద మాత్రం ఐదు గీతలున్నాయి, బాగా లోతు. పాలిష్ చేయించేద్దామా? కొత్తదానిలా అయిపోతుంది" అంది. వద్దన్నాను. "సెంటిమెంటా సార్?" అని నవ్వింది. సెంటిమెంటు మంచివాళ్ళకి ఉంటుందమ్మా, నాకున్నది వేరే జబ్బు అని చెబుదామనుకున్నాను గానీ, ఆ చల్లగదిలో, ఆ చేతొడుగుల ముందు అంత మురికి కథ విప్పడం మర్యాద కాదనిపించింది. నూనె మాత్రం వేయించుకుని బయటపడ్డాను. అప్పటినించి ఆ కథ గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. అన్నం ముద్ద మింగితే పోయే ముల్లు కాదు, కక్కితేనే పోతుంది.

ఆ వాచీ మా మేనమామది. మాది సాలూరు, ఆయన మాత్రం కుర్రతనంలోనే కొండ ఎక్కేసి మళ్ళీ కాపురానికి దిగలేదు. అరకు వైపు రైలుదారికి సొరంగాలు తవ్వుతున్న రోజుల్లో ఒక పెద్ద ఇంజనీరుకి జీపు నడిపాడు. ఆయన ఏ దేశంవాడో మావయ్యకి చివరిదాకా తేలలేదు. పేరుకి నోరు తిరక్క "పెద్దదొర" అనేవాడు. దొర వెళ్ళిపోయాక చాలా ఏళ్ళు సంతలకి జీపు తోలి, మోకాళ్ళు అరిగాక అదీ మానేసి, అరకు దాటాక రోడ్డు పక్క ఒక అద్దె పెంకుటింట్లో అత్తతో ఉండేవాడు. పిల్లలు లేరు. పొలం లేదు. ఎత్తు లేదు, ఒళ్ళు లేదు, తలమీద జుట్టు కూడా లేదు. ఎడమచేతికి వెడల్పాటి అంచున్న బంగారు వాచీ ఒకటి, దాని అంచుమీద మూడు గీతలు, ఆ గీతల వెనక ఒక కథ. మనిషి మొత్తం అంతే.

కథ ఇది. కొండ తొలిచేచోటు చూసి వస్తూ దొర ఒక గెడ్డ దగ్గర మొహం కడుక్కోవడానికి ఆగి, వాచీ తీసి డ్రైవరు చేతికిచ్చాడు. డ్రైవరు ఊరికే పట్టుకుని నిలబడవచ్చు కదా, సరదాకి చేతికి పెట్టుకుని మురిసిపోతున్నాడు. అంతలో పొదలోంచి ఎలుగుబంటి లేచింది. వంగి ఉన్న దొర వీపుమీదికి పంజా ఎత్తింది. మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. పంజా వాచీ మీద పడింది. అద్దం పగిలింది, బంగారు అంచులో మూడు గీతలు దిగబడ్డాయి, చేతికి మాత్రం చీమ కుట్టినంత గాయమైనా కాలేదు. వెంట వచ్చిన మనిషి ఒకడు, దారి చూపించే కొండాయన, గొడ్డలి తిప్పుతూ అరిస్తే ఎలుగు పారిపోయింది. దొర పని ముగించుకుని వెళ్ళేటప్పుడు అద్దం కొత్తది వేయించి ఆ వాచీని మావయ్యకే ఇచ్చేశాడు. "అద్దం నాది, మార్పించాను. గీతలు నీవి, వాటి జోలికి ఎవర్నీ రానివ్వకు" అన్నాడట. ఏ భాషలో అన్నాడు మావయ్యా అని అడిగాను. "సేతులతో" అన్నాడు మావయ్య. మరి దానికి సాక్షి ఎవరు అన్నాను. "ఆ దారి సూపించినోడే. ఒరిస్సా పక్క కూతురింటికి ఎల్లిపోనాడు." సాక్షులు ఎప్పుడూ సరిహద్దు అవతలే కాపురముంటారు అని నేనంటే అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెకి కాపురానికి వచ్చిన మొదటి రోజునించీ ఆ కథ వినిపించాడు మావయ్య. మొదటి రోజునించీ ఆమె నమ్మలేదు.

తొంభైల మధ్యలో నాకు ఆ కొండల్లో ఏకోపాధ్యాయ పాఠశాల ఉద్యోగం వచ్చింది. మావయ్య ఇంటినించి రెండు గంటల నడక, ఒక గెడ్డ, రెండు ఎక్కుళ్ళు. వారంలో నాలుగు రోజులు పిల్లలకి నేను బడి పెట్టేవాణ్ణి, మిగిలిన రోజులు వాళ్ళు నాకు సెలవిచ్చేవాళ్ళు. మావయ్య ఇంట్లోనే మకాం. తిండి, పక్క, కాఫీ అన్నీ ఆయనవే. అంత తిని ఆయన మీద నాకు కక్ష ఎందుకు కలగాలి? చెబుతాను. ఆ కొండ ఊళ్ళలో చైత్రమాసంలో ఇటుకల పండగ చేసేవాళ్ళు. మగవాళ్ళంతా వేటకి పోవాలి. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. నేను వెళ్ళేనాటికి అడవిలో వేట అనేదే లేదు, ఒక కుందేలు వెనక ముప్పై మంది పరిగెత్తేవాళ్ళు. అందుకని మా బడి ఉన్న ఊళ్ళో పెద్దలు ఒక సదుపాయం చేశారు. పండగ మధ్యాహ్నం అందరూ ఊరిపెద్ద ఇంటిముందు చాపలమీద కూర్చోవాలి. ఇప్పటి వేటయినా, ముప్పై ఏళ్ళ కిందటి వేటయినా సరే, ఒకొక్కడూ తన వేట చెప్పాలి. చెప్పి దాని గురుతుని, కొమ్మో గోరో కోరో ఈకో, మధ్యలో ఉన్న చేటలో పెట్టాలి. ఆ చేట ఆడవాళ్ళ మధ్య చేతులు మారుతుంది. వాళ్ళు తడిమి చూసి తలూపితే ఆ మనిషికి మొదటి దొప్ప కల్లు. గురుతు లేని మాటకి పేడనీళ్ళు. కిందటేడు చూపించాను కదా అంటే చెల్లదు. గురుతు అమ్ముకున్నవాడికీ, పారేసుకున్నవాడికీ కూడా పేడనీళ్ళే.

మావయ్యని ఆ పండక్కి ఏటా పిలిచేవాళ్ళు. ముళ్ళపంది ముళ్ళ మధ్య, అడవిపంది కోరల మధ్య ఆ బంగారు వాచీ చేటలో పెళ్ళికూతురులా కూర్చునేది. ముసలమ్మలు గోటితో ఒక్కొక్క గీతనీ మీటి, "దిగబడ్డాదమ్మా, బాగా దిగబడ్డాది" అని తలూపేవాళ్ళు. మొదటి దొప్ప మావయ్యకి. ఇక నేను. నా కథలు మావయ్య కథకంటే పదింతలు బాగుండేవి. ఆయనకి చెప్పడమే రాదు. "అదొచ్చింది, నాను సెయ్యెట్టేను, అదెల్లిపోనాది" అంటాడు, అయిపోతుంది. నేను గాలిని వర్ణించేవాణ్ణి, ఎలుగు ఊపిరిలో ఇప్పపువ్వు వాసన వర్ణించేవాణ్ణి, ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. అంతా విని, "మరి గురుతేటి మాస్టరూ?" అని పేడనీళ్ళ బానలో చెయ్యి పెట్టేవాళ్ళు. ఏడేళ్ళు. ఏడేళ్ళు వరసగా నా ఇస్త్రీ చొక్కా మీద పేడనీళ్ళు పడ్డాయి, ఏడేళ్ళూ పక్కనే మొదటి దొప్ప పట్టుకుని మా మావయ్య అమాయకంగా పళ్ళికిలించాడు. నవ్వులో ఎగతాళి లేదు. అది ఉంటే క్షమించి ఉండేవాణ్ణి.

ఏడో ఏడు చొక్కా పిండుకుంటూ ఉంటే నాకు తట్టింది. నాకు గురుతు సంపాదించడం కష్టం; ఆయన గురుతు పోగొట్టడం తేలిక.

ఆ వర్షాకాలంనించి మొదలుపెట్టాను. ముందు అత్తని పట్టుకున్నాను. అత్తకి గీతల మీద ఎప్పటినించో గుర్రు. "మెరవని బంగారం మెళ్ళో ఉంటే ఏటి, సేతికుంటే ఏటి? ఇత్తడనుకుంటారు సూసినోళ్ళు" అనేది. సాలూరులో మెరుగు పెడతారని నేను చెప్పగానే ఆమె పొద్దునా సాయంత్రం అదే పాట. మావయ్య వినేవాడు, బొటనవేలితో గీతలు తడుముకునేవాడు, "దొర వొద్దన్నాడే" అనేవాడు. "దొర ఏ మట్టిలో ఉన్నాడో. నీకు కూడెట్టేది నాను" అనేది అత్త. ఇలా నాలుగు నెలలు. మావయ్య ఊగాడు. ఒకరోజు "తీయించీమంటావేటిరా?" అని నన్నే అడుగుతాడు, మర్నాడు "ఒద్దులే, ఉండనీ" అంటాడు. గీతలున్న చోట వాచీ అందం చెడిందన్న మాట నిజమేనని ఆయనకి తెలుసు. అవి పోతే తన చేతిలో ఏమీ మిగలదనీ తెలుసు. అది నాకు ఇంకా బాగా తెలుసు.

అప్పుడు అసలు బాణం వేశాను. "మావయ్యా, ఇంత పెద్దింటి వాచీ మీలాంటివాళ్ళ చేతికుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారో తెలుసా? దానిమీద గీతలు కూడా ఉంటే, పెనుగులాటలో ఎవరి చేతినించో లాక్కున్నారనుకుంటారు." మావయ్య మొహం పాలిపోయింది. ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో చూసుకునే కొట్టాను. ఎప్పుడో సాలూరులో మా చుట్టాల పెళ్ళిలో ఒక పెద్దమనిషి పందిట్లో అందరి ముందూ, "ఏరా, ఎవడి సేతినించి పీకేవు?" అని ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు. మావయ్య భోజనానికి కూర్చోకుండా బస్సెక్కేశాడు. ఆ పెళ్ళి తర్వాత మరి ఏ పెళ్ళికీ దిగలేదు. ఆ సంగతి మా అమ్మ నాకు రహస్యంగా చెప్పింది, మావయ్య ముందు ఎప్పుడూ ఎత్తవద్దని మరీ చెప్పింది.

శివరాత్రి వెళ్ళిన వారం. నేను సాలూరు బయల్దేరుతున్నాను. కాఫీ పూత విచ్చుకుని కొండంతా మల్లెపూల వాసన కొడుతోంది. మావయ్య అరుగుమీద కూర్చుని వాచీ విప్పాడు. తువ్వాలు కొసతో తుడిచాడు. వెలుతురికి పెట్టి మూడు గీతలూ చూసుకున్నాడు. "ఇదిగోరా, పట్టుకెల్లు. సుబ్బరంగా సేయించి బేగి తెచ్చీ. మనకెందుకొచ్చిన మాటలు" అని నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ముడిచాడు. వాచీ విప్పిన చోట ఆయన మణికట్టు చుట్టూ తెల్లటి పట్టీ, ఎన్నో ఏళ్ళుగా ఎండ తగలని చర్మం, పసిపిల్ల ఒంటిరంగులో ఉంది. అలా ఇచ్చాడు.

సాలూరు బజారులో వాచీలు బాగుచేసే ముసలాయన దాన్ని చూసి కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఆయన జన్మలో అలాంటిది పట్టుకోలేదు. "నాను ముట్టను బాబూ. ఈ గీతలు సానా లోతు. గీత తియ్యడమంటే గీతని తియ్యడం కాదు, సుట్టూ ఉన్న బంగారమంతా గీత లోతుకి దించడం. తీసింది మరి రాదు. ఎవరిదో వారిని మళ్ళీ అడిగిరా" అన్నాడు. నాకు అడగడానికి తీరిక లేదు. పక్క వీధిలో లారీల షెడ్ల దగ్గర ఒకడున్నాడు. లారీల ముందు బిగించే ఇత్తడి పట్టీలకీ, గుడి దీపస్తంభాలకీ కరెంటు మోటారుకి గుడ్డ చక్రం తగిలించి మెరుగు పెడతాడు. సాలూరులో లారీని పెళ్ళికొడుకుని చేసేది అతనే. అతనికిచ్చాను. అతను బీడీ ఆర్పకుండానే అందుకున్నాడు. చక్రం గుయ్యిమంది. ఎర్రటి మైనం పొడి, దాంట్లో సన్నగా బంగారం, రెండూ కలిసి అతని లుంగీ మీద రాలుతుంటే నేను పక్క కొట్లో ఇడ్లీ తిన్నాను. తిరిగొచ్చేసరికి వాచీ లారీ బంపరులా ధగధగలాడుతోంది. గీతలున్న వైపు అంచు అరిగి తమలపాకంత పల్చనైంది. వేలు పెట్టి చూశాను. నున్నగా, నీళ్ళమీద పెట్టినట్టు జారిపోయింది.

మావయ్య చేతికి పెట్టుకున్నాడు. బొటనవేలు అలవాటుగా వెళ్ళి వెతికింది. అక్కడ ఏమీ దొరకలేదు. "బాగున్నాదిరా" అన్నాడు.

ఇక ఆ ఏటి పండగ. మావయ్య రానన్నాడు, నేనే బలవంతంగా తీసుకెళ్ళాను. ఆయన "అదొచ్చింది, నాను సెయ్యెట్టేను, అదెల్లిపోనాది" అని చెప్పి వాచీని చేటలో పెట్టాడు. చేట కదిలింది. మొదటి ముసలమ్మ గోటితో మీటింది. మళ్ళీ మీటింది. పక్కామెకి ఇచ్చింది. ఆమె తిప్పి చూసి, "గురుతేది డ్రైవరు బాబూ?" అంది.

"మెరుగెట్టించేను. సాలూరులో."

"ఎవులిచ్చేరు?"

"నానే ఇచ్చేను. పాతబడిపోనాయని" అన్నాడు మావయ్య, నా వైపు చూడకుండా.

ముసలమ్మ వాచీని పైకెత్తి అందరికీ చూపించింది. "ఎలుగు గోరు పెడితే కట్టెల మీదికెక్కిందాకా పోదు. నా మొగుడి వీపున పడ్డాయి, సచ్చిందాకా ఉన్నాయి. సాలూరులో పోయిన గీతలు సాలూరులోనే పడుంటాయి!" చాపలు కదిలిపోయేటట్టు నవ్వారు. ఇన్నేళ్ళూ తడిమినవాళ్ళే, దిగబడ్డాది అని తలూపినవాళ్ళే. నేను ఊరుకోవచ్చు. నేను అనుకున్నది అయిపోయింది కదా. కానీ ఏడేళ్ళ తర్వాత జనం నా పక్కన ఉన్నారు, ఆ రుచి వదలబుద్ధి కాలేదు. లేచి నిలబడి, "అసలు ఎలుగుకి గోళ్ళు ఎన్ని? ఐదు కదా? మరి మా మావయ్య వాచీ మీద ఎప్పుడూ మూడే ఉండేవేం? మిగతా రెండూ అది ఇంటిదగ్గర మర్చిపోయి వచ్చిందా?" అన్నాను. నా జీవితంలో నేను అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మగవాళ్ళు తొడలు చరుచుకున్నారు. మావయ్య కూడా ఒక క్షణం నవ్వబోయి, ఆ నవ్వు ఎవరిమీదో అప్పుడు తెలిసినట్టు ఆగిపోయాడు. పేడనీళ్ళు బట్టతల మీద పడ్డాయి. ఆయన చేత్తో తుడుచుకోలేదు. ఆ చేతికి వాచీ తిరిగి పెట్టుకోవాలి కదా. ముందు వాచీ పెట్టుకుని, తర్వాత తుడుచుకున్నాడు.

పదిరోజులకి నేను బడినించి పెందలాడే వచ్చేశాను. ఇంట్లో అలికిడి లేదు. పెరట్లోంచి కిరకిరమని చప్పుడు. తడికె సందులోంచి చూశాను. మావయ్య సన్నికల్లు ముందు గొంతుక్కూర్చున్నాడు. రాతిమీద వాచీ, చేతిలో నాలుగంగుళాల మేకు. నాలుక బయటపెట్టి, పలక మీద ఓనమాలు దిద్దే పిల్లాడిలా ఒత్తి పట్టి గీస్తున్నాడు. ఒకటి గీసి, ఊది, వేలుతో చూసుకుని, ఇంకొకటి. మూడు దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగి, పైకి చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఇంకో రెండు గీశాడు. నేను తడికె వెనక నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను. అవును, నవ్వాను. జాకరమ్మ చూస్తూనే ఉంది.

మరుసటి ఏడు నేను పిలవకుండానే పండక్కి వచ్చాడు. ఐదు గీతలున్న వాచీని చేటలో పెట్టాడు. కథలో ఎలుగుకి ఇప్పుడు ఐదు గోళ్ళున్నాయి. చేట ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమె గోటితో మీటలేదు. మేకుగీత ఏదో, పంజాగీత ఏదో ఆమెకి దూరంనించే తెలుస్తుంది. వాచీని చీర చెంగుతో ఒకసారి తుడిచి, తెచ్చి మావయ్య ఒళ్ళో పెట్టింది. కల్లు ఇవ్వలేదు. పేడనీళ్ళు కూడా చల్లలేదు. ఎవరూ నవ్వలేదు. తర్వాత మనిషి కథ మొదలుపెట్టాడు. మావయ్య కాసేపు ఆ బానవైపు చూస్తూ కూర్చున్నాడు, చల్లితే బాగుండునన్నట్టు.

ఆ తర్వాత ఆయన ఎలుగు మాట ఎత్తలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు వాచీ చూసి అడిగితే "పాతది" అనేవాడు. కథ పోయాక మనిషిలో ఇంక చెప్పుకోవడానికి ఏముంది? రెండేళ్ళకి, ఒక చలికాలం పొద్దున, పొంతకుండ దగ్గర నీళ్ళకని కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడు.

పదకొండో రోజున భోజనాలు అవుతుండగా ఒక ముసలాయన వచ్చాడు. ఊతకర్ర, భుజాన గొడ్డలి, కాళ్ళకి దుమ్ము. ఒరిస్సా పక్కనించి, కూతురింటినించి వచ్చాడు. కబురు ఆలస్యంగా అందిందట. అరుగుమీద కూర్చుని నీళ్ళు తాగి, కర్మ చేసినవాడిగా నా చేతికి వచ్చిన వాచీ చూశాడు. "దొర గడియారం" అన్నాడు. నా చెయ్యి లాక్కుని అంచు తడిమాడు. మొహం చిట్లించాడు.

"ఇయ్యేటి బాబూ, ఐదున్నాయి? ఆ దినం పడ్డాయి మూడేగదా. దానికొక పంజాలో రెండు గోళ్ళు ముందే ఊడిపోనాయి. అది పారిపోనాక ఆ జాడ పట్టుకునే నాను మూడు దినాలు తిరిగేను."

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ముసలాయన చెప్పుకుపోతున్నాడు. "ఆ మడిసి సెయ్యి అడ్డమెట్టకపోతే దొర లేడు. నాను సూసేను. నా గొడ్డలి తరవాత లేసింది. ముందు లేసింది ఆ సెయ్యే." వంటింట్లోంచి అత్త చేతికి పిండితో బయటికి వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది. "మళ్ళీ సెప్పన్నా" అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. "మరోసారి సెప్పు" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి నేలమీద కూలబడి, పిండిచేతులతోనే మొహం కప్పుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన చెప్పినప్పుడల్లా ఆమె నవ్వింది. ఇప్పుడు నమ్మడానికి మనిషి లేడు.

ఇక్కడికి కథ అయిపోయింది గానీ, వేసిన ఒట్టు ఉంది కాబట్టి ఒక అబద్ధం కక్కాలి. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క చోటు. కాఫీ పూత వాసన, అరుగు, నా వేళ్ళు తనే ముడవడం, అదంతా కల్పన. మావయ్య ఆ వాచీ నాకు ఇవ్వలేదు. ఆ వారం ఆయన మలేరియా జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. అత్త సంతకి వెళ్ళింది. ఎముకలా చిక్కిపోయిన ఆ చేతినించి వాచీని నేనే లాగాను. తెల్లటి పట్టీ నిజంగానే చూశాను, అప్పుడు చూశాను. మందులు తెస్తానని చెప్పి బస్సెక్కాను. మూడోరోజు మందులూ వాచీ తెచ్చి ఇచ్చినప్పుడు, అత్త దాన్ని చూసి "ఎవుడు సేయించమన్నాడ్రా నిన్ను? పక్కమీదున్నోడి సేతినించి తీత్తావా?" అని చీపురు ఎత్తింది. మెరుగు పెట్టించమని నాలుగు నెలలు పోరిన మనిషే. మంచంమీదినించి మావయ్య, "ఒగ్గీవే, నానే ఇచ్చేను" అన్నాడు. పండగలో ముసలమ్మతోనూ అదే అన్నాడు. తనే ఇచ్చాడన్న ఆ కథ నాకంటే ముందు ఆయనే అల్లాడు, నాకోసం. నేను దానికి కాఫీ పూలు అద్దానంతే. ఎలుగుబంటి ఆ మూడు గీతలూ గియ్యడానికి రెప్పపాటు పట్టి ఉంటుంది, సాలూరులో చెరపడానికి నాలుగు ఇడ్లీలు తినేంతసేపు పట్టింది, ఆయన ఇవ్వలేదు నేనే తీశాను అన్న ఒక్క ముక్క రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు దాటింది.